మా ఇద్దరి మధ్య పనసకాయ

ఆ రోజుల్లో నేను చాలా తెలివైనవాణ్ణి. ఆ రోజులంటే మరీ వెనకటివేం కావు, చేతిలో సెల్‌ఫోన్లున్న రోజులే. పెళ్ళైన కొత్తలో ఏ మగాడికైనా తన తెలివి మీద ఒక నమ్మకం ఉంటుంది. నాకది మా ఊరు కొత్తపేట నుంచి అంబాజీపేట దాకా ఉంది, ఆ తర్వాత వానలో ఎక్కడో జారిపోయింది.

మస్కట్‌లో ఉద్యోగం వచ్చి, సోమవారం విమానం ఎక్కాలి. శనివారం పొద్దున్న మా ఆవిడ నా చొక్కాలు పెట్టెలో సర్దుతూ, "ఏవండీ, మీరు దాటెళ్ళే సముద్రం నాకొక్కసారి చూపించరా?" అంది. ఆవిడది మండపేట. రైసుమిల్లుల మధ్య పెరిగిన మనిషి, సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. (నేను దాటేది అరేబియా సముద్రమనీ, మన అంతర్వేదిలో ఉన్నది బంగాళాఖాతమనీ చెప్పబోయి, ఆవిడ మొహం చూసి భూగోళశాస్త్రాన్ని వాయిదా వేశాను.) ఆదివారమంతా చర్చికీ, వీడ్కోళ్ళకీ సరిపోతుంది. కాబట్టి ఆ రోజే, చీకటి పడేలోగా సముద్రం చూసెయ్యాలి.

చిక్కల్లా దారి పొడుగునా చుట్టాలుండటం. కొత్తజంట గుమ్మం ముందు నుంచి ఆగకుండా పోతే, ఆ మాట మా పిల్లల పెళ్ళిళ్ళ దాకా వినపడుతుంది. అందుకే అమ్మ చేత ముందే ఫోన్లు చేయించాను. "మీరేం శ్రమ పడకండి వదినగారూ, పిల్లలు ఆగరంట" అని అమ్మ ఎంతో మర్యాదగా చెప్పింది. మా వైపు అలా చెప్పించుకుని ఊరుకునే మనుషులు పుట్టలేదన్న సంగతి నేను మర్చిపోయాను. ఫోను పెట్టేసిన మరుక్షణం ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలిగింది.

అంబాజీపేటలో మేనత్త గొడుగేసుకుని రోడ్డు మధ్యలోనే నిలబడి ఉంది. బండి ఆపకపోతే ఆవిడ మీంచి పోవాలి. "కొత్త పెళ్ళికూతురు నా గుమ్మంలో ఎంగిలిపడకుండా పోద్దంటరా?" అంది. పెసరట్లయ్యాక ప్రయాణం కోసం ప్రార్థన. మా ఇళ్ళల్లో ప్రార్థన చెయ్యకుండా ఎవర్నీ గడప దాటనివ్వరు. అత్త నా విమానంతో మొదలుపెట్టి, నేనింకా చూడని మేనేజరు మనసు మెత్తబడాలని అడిగి, చివర్లో ఈ వాన ఆపమని వేడుకుంది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి జల్లు కాస్తా జడివానైంది. వెళ్ళబోతుంటే అమ్మకిమ్మని ఒక పనసకాయ తెచ్చింది. బండి మీద దానికి చోటు ఒక్కటే, మా ఇద్దరి మధ్య. ఉన్న ఒక్క రెయిన్‌కోటూ మా ఆవిడకిచ్చి, భార్యతో తొలి షికారులో నడుముకి పనసముళ్ళు తగులుతుండగా బయల్దేరాను.

రాజోలులో బాబాయి. అక్కడ రొయ్యల ఇగురుతో భోజనం. ఆయనకి ఊడుపుల కాలం. ప్రార్థనలో వానకి కృతజ్ఞతలు చెప్పి, ఇంకో రెండు రోజులు ఇలాగే కురిపించమన్నాడు. ఒకే కుటుంబం నుంచి, ఒకే రోజు, రెండు అర్జీలు. పైన ముందుగా బాబాయి అర్జీయే చూసినట్టున్నారు. కిటికీలోంచి వెలుతురు తగ్గిపోతోంది. పిన్ని కాఫీ పెడతానని లేచింది. అంతసేపూ అన్నిటికీ ఆయ్ అంటూ కూర్చున్న మా ఆవిడ మెల్లగా, "సముద్రం చూడాలండి అత్తయ్యగారూ. మళ్ళీ ఈయనొచ్చేది రెండేళ్ళకండి" అంది. బాబాయే లేచి వానలోకి వెళ్ళి గేటు తీశాడు. "ఎల్లండమ్మా, ఎల్లండి. కాఫీ ఎక్కడికి పోద్ది."

అంతర్వేది చేరేసరికి కొంచెం వెలుగు మిగిలి ఉంది. కొట్లన్నీ పరదాలు దించేసి ఉన్నాయి. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. మా ఆవిడ పనసకాయ దించడం మర్చిపోయి, చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇసకలో నడుచుకుంటూ వెళ్ళి నిలబడిపోయింది. "చూశావుగా, ఇంతే. మన కాలవే, అవతలి గట్టు వెయ్యడం మర్చిపోయేరు" అన్నాను. నవ్వింది. నవ్వుతూనే మొహం తుడుచుకుంది. (అంత వానలో ఏం తుడుచుకుందో నేనడగలేదు.)

"అవతలి గట్టు మీదేనా అండీ మీరుండేది?"

"ఆయ్" అన్నాను. భూగోళశాస్త్రం ఇంకా వాయిదాలోనే ఉంది.

ఇప్పుడు ఆవిడా మస్కట్‌లోనే. శుక్రవారం సాయంత్రాలు కార్లో సముద్రానికి వెళ్తాం. వాన ఉండదు, గొడుగుతో రోడ్డు మధ్యలో నిలబడే అత్తా ఉండదు. బయల్దేరగానే చేరిపోతాం. మొన్నొకరోజు ధైర్యం చేసి, ఆ రోజు నీకు చూపించింది వేరే సముద్రం అని చెప్పేశాను.

"తెలుసండీ. బళ్ళో చదువుకున్నాంగా" అంది.

"మరప్పుడే చెప్పలేదేం?"

"మీరంత తడిసిపోయి చూపిస్తుంటే ఎలా చెప్తానండీ."

కారులో మా ఇద్దరి సీట్ల మధ్య ఖాళీలోంచి ఏసీ గాలి చల్లగా వస్తోంది. చుట్టాలందర్నీ తిట్టుకుంటూ, ఖాళీ రోడ్డు మీద హారను కొడుతూ పోయిన ఆ తడిసిన మేధావి గుర్తొచ్చాడు. వాడు కనిపిస్తే బండి ఆపి చెప్పాలనుంది: మెల్లగా పోరా అబ్బాయ్, పిన్నిచ్చే కాఫీ కూడా తాగి పో.