రెడ్డెమ్మక్క ఒక్కతే వెళ్లాలనుకున్న తలుపు

నిన్న మధ్యాహ్నం మదనపల్లెలో ఒక ఆఫీసు గోడ కొలుస్తున్నాను. ఫోన్ మోగింది. కుప్పం నుంచి చెంగప్ప.

"అప్పా... అక్క పోయింది."

చేతిలోని టేపు వదిలేశాను. అది చప్పుడు చేస్తూ చుట్టుకుపోయింది. ఎంత ఎత్తు కొలిచానో గుర్తు లేదు. మళ్లీ కొలవలేకపోయాను.

రెడ్డెమ్మక్క నాకు బంధువు కాదు. కానీ మీలో చాలామంది ఆమెను నా షెడ్డులో చూసే ఉంటారు. బైరెడ్డిపల్లె దగ్గరి పల్లె. చిన్నప్పుడే జ్వరం వచ్చి చూపు పోయింది. హాస్టల్లో ఉండి బ్రెయిలీ నేర్చుకుంది. పుంగనూరులో తమ్ముడు చెంగప్ప ఇంట్లో ఉంటూ, చూపు లేని పిల్లలకు అదే నేర్పింది.

నా పని మీకు తెలుసు. ఆఫీసులకు, బ్యాంకులకు, ఆసుపత్రులకు సైన్‌బోర్డులు చేస్తాను. చూపు ఉన్నవారు, మందగించినవారు, లేనివారు అందరూ చదవగలిగేవి. ఉబ్బెత్తు అక్షరాలు, వాటి కింద బ్రెయిలీ చుక్కలు.

తొంభైల్లో మా వైపు ఈ పని అడిగేవాళ్లు తక్కువ. చేసిన ప్రతి ప్లేటుకూ మొదటి పాఠకురాలు అక్కే. ఆమె వేలు ఒప్పుకుంటేనే అది షెడ్డు దాటేది.

మదనపల్లెలో ఒక బ్యాంకుకు మొదటిసారి ప్లేట్లు చేసి ఇచ్చాం. వారం తర్వాత ఇద్దరం చూడబోయాం. తలుపు పక్కన, ఛాతీ ఎత్తులో ఉండవలసిన ప్లేటు తలుపుకు పైన, ద్వారబంధం కంటే ఎత్తున ఉంది. దానికి పూలదండ కూడా వేశారు.

బిగించిన మేస్త్రీ గర్వంగా అన్నాడు. "బోర్డంటే పైన కదా సార్ ఉండల్ల! కింద పెడితే మర్యాదేముండాది?"

అక్క గోడంతా తడిమి, చెయ్యి దించి, అతని వైపు తిరిగింది.

"శానా మర్యాద చేసినావప్పా. ఒగ నిచ్చెన కూడా పెట్టు. ఎక్కి సదువుకుంటా."

బ్యాంకంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ మేస్త్రీ నవ్వాడు. ఆ సాయంత్రమే ప్లేటు కిందికి దిగింది.

నవ్వు వచ్చే సంగతి ఇదొక్కటే.

చాలా ఏళ్ల తర్వాత, రెండేళ్ల కిందట, పుంగనూరులో ఒక ఆసుపత్రి పని వచ్చింది. ఆ పని కోసం అక్క పట్టుబట్టి నా వెంట తిరిగింది. ఎందుకని ఒకసారి అడిగాను.

"నేను డాక్టరు కాడికి పోతే చెంగప్ప చెయ్యి పట్టుకుని వస్తాడు. లోపలికీ వస్తాడు. నా నొప్పి వాడే చెప్తాడు. నేను కొయ్యబొమ్మ మాదిరి కూసోవల్ల. ఆడదాన్ని, కొన్ని తమ్మునితో చెప్పలేను కదప్పా. ఒగతూరి నేనొక్కదాన్నే పోవల్ల."

ఆ "కొన్ని" ఏమిటని నేను అడగలేదు. ఒక మగవాడు అడగదగిన మాట కాదు అది.

ప్లేట్లు బిగించాం. గేటు నుంచి ఆడవాళ్ల డాక్టరు గది దాకా అక్క చేతులతో దారి నేర్చుకుంది. దసరా అయ్యాక పోతానంది.

మా వైపు ఆయుధ పూజ ఎలా చేస్తామో మీకు చెప్పనక్కరలేదు. బస్సు, కుట్టుమిషను, తూకపు రాళ్లు, దేన్నీ వదలం. ఆ ఆసుపత్రి అటెండరు గంగులప్ప కూడా దేన్నీ వదల్లేదు. ప్రతి ప్లేటునూ కడిగి, విభూది పట్టెలు తీర్చి, గంధం మెత్తి, కుంకుమ పెట్టాడు. భక్తితోనే చేశాడు.

గంధం ఆరింది. చుక్కల మధ్య సందులన్నీ పూడిపోయాయి.

పండగ వెళ్లాక అక్క ఒక్కతే వెళ్లింది. వేలికి గంధం పొడి తప్ప ఏమీ తగల్లేదు. తోచిన తలుపు తోసింది. అది మగవాళ్ల వార్డు.

"ఓ యమ్మా, ఈడ మొగోళ్లు ఉండారు! యాడికి పోవల్ల నువ్వు? ఏం జబ్బు? చెప్పు, తోడుకోని పోతాం."

అడిగినవాళ్లు మంచివాళ్లే. కానీ వరండా నిండా జనం. ఆ జనం మధ్య అక్క తన జబ్బు పేరు చెప్పాలి.

చెప్పలేదు. వెనక్కి వచ్చేసింది.

నాతో మాత్రం నవ్వుతూ అంది. "నీ బోర్డుకు బొట్టు బాగ పెట్టినారప్పా. నాకే కనిపించల్యా."

మరునాడే వేడినీళ్లు, మెత్తటి బ్రష్షు తీసుకుని వెళ్లాను. గంగులప్ప భయపడ్డాడు. "పూజ చేసిండేదాన్ని కడగచ్చునా సామీ?" సంగతి చెప్పాక, నా చేతిలోంచి బ్రష్షు తీసుకుని తనే కడిగాడు. ఎంతసేపు కడిగాడో.

బాగు చేశామని అక్కకు చెప్పాను. "పోతాలే, ఇంకోతూరి" అంది.

వెళ్లలేదు. ఎప్పుడు అడిగినా అదే మాట.

నొప్పి ఓర్చుకోలేని దశలో చెంగప్పే కుప్పం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. చెయ్యి పట్టుకునే. రొమ్ములో గడ్డ. అప్పటికే పాకిపోయింది. ముందే వచ్చుంటే చేయగలిగింది ఉండేదని డాక్టరు అన్నారట.

గంధం వల్లే అక్క పోయిందని నేను అనను. అది నిజం కాదు. కానీ ఆ రోజు ఆమె వేలి కింద "స్త్రీల వైద్యం" అన్న రెండు మాటలు ఉండవలసింది. లేవు. ఇది నిజం.

పోయిన వారం కుప్పం వెళ్లి చూశాను. చెంగప్ప మంచం పక్కన కూర్చుని ఏడుస్తున్నాడు. "నాతో చెప్పింటే ఏమయ్యేదప్పా? నేనేమన్నా పరాయోడినా?"

అక్క అతని తల నిమిరింది. "నువ్వు కాదురా పరాయోడివి. నాకే నోరు రాల్యా."

తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "ఈ రూము తలుపు పక్కన బోర్డుండాదా?"

లేదన్నాను.

"వచ్చేటప్పుడే తడిమినాలే. ఏల లేదని అడుగు పో వాళ్లను."

అడిగాను. పెట్టుకుంటామన్నారు. ఆ ప్లేటు నా షెడ్డులో సగం అయి ఉంది. చదివి చెప్పవలసిన వేలు లేదు.

ఈ పొద్దున గంగులప్ప ఫోన్ చేశాడు. పుంగనూరులో ఆడవాళ్ల డాక్టరు గది తలుపు దగ్గర అక్క పేరున ఒక మూర పూలు పెట్టొచ్చా అని అడిగాడు. "ప్లేటు మీద కాదు సామీ. కింద మేకు కొట్టి పెడతా. చుక్కలకు తగలకుండా."

పెట్టమన్నాను.

అక్కా, ఒక్కదాన్నే పోవాలని అడిగావు.

ఇలా కాదక్కా.

నువ్వు వెళ్లిన చోట ఏ తలుపు దగ్గరా ఎవరూ నిన్ను ఆపి అడగకూడదు. నీ నొప్పికి, నీ వేళ్లకు, నీకు విశ్రాంతి దొరకాలి.