అందరికీ వచ్చిన జలుబే

మైపాడులో మా ఇంట్లో ఆ వారం అందరికీ జలుబు చేసింది. మిగతావాళ్లు తుమ్ముకుంటూనే పనులు చేసుకున్నారు. ఉబ్బసమున్న నాకు మూడో రోజుకు ఊపిరి ఆడలేదు. పీల్చే మందు అలవాటైపోతుందని అమ్మ దాన్నెప్పుడో దాచేసింది. ఇప్పుడు సాంబ్రాణి పొగ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది.

"అందరికీ వచ్చిన జలుబే గదా, నువ్వొక్కదానివే ఇంత చేస్తుండావే?" అంది.

కోపంతో ధూపం గిన్నెను తోసేశాను. తిట్టడానికి కూడా గాలి చాల్లేదు. నల్లబడుతున్న నా పెదవులు చూసి అమ్మ బియ్యం డబ్బాలోకి చెయ్యి పోనిచ్చి, గింజలు నేలంతా చిందిస్తూ ఇన్‌హేలర్ బయటికి తీసింది.

నెల్లూరు ఆసుపత్రికి ఆటోలో పోతున్నంతసేపూ నా వీపు రాస్తూనే ఉంది. మధ్యలో రెండుసార్లు తుమ్మి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమెదీ అదే జలుబు.