తెల్ల బిళ్ళకు అభిషేకం

ఎల్.బి.నగర్‌లో మా నాన్నకూ, ఆయన భాగస్వామికీ కలిపి ఒక పంపుల మరమ్మతు షాపు ఉండేది. నాన్నది కృష్ణా జిల్లా, భాగస్వామిది నల్గొండ. రక్తసంబంధం లేకపోయినా ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు. ఆ వరుసన నేను ఆయనకు కోడలిని, ఆయన నాకు మామయ్య. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజులవి. రాష్ట్రం విడిపోవాలని మామయ్య, కలిసే ఉండాలని నాన్న, పొద్దున షట్టరు ఎత్తింది మొదలు వాదించుకునేవారు. కాలేజీ డిబేట్లలో తర్ఫీదు పొందిన నేను ఇద్దరినీ సమానంగా ప్రశ్నించేదాన్ని. అందువల్ల నేను అవతలి పక్షమని ఇద్దరూ నమ్మేవారు.

ఆ షాపులో ఒక కట్టడి ఉండేది. సీలు పెట్టె తెరిచాక ఉద్యమం గురించి ఎవరూ నోరెత్తకూడదు. పంపు లోపలి నీరు తిరిగే ఇరుసు వెంట బయటికి కారకుండా ఆపేది ఈ సీలే. అందులో ఉంగరాల్లాంటి రెండు బిళ్ళలుంటాయి. ఇరుసుతో పాటు తిరిగే నల్లని కార్బన్ బిళ్ళ, కదలని తెల్లని పింగాణీ బిళ్ళను ఒరుసుకుంటూ పనిచేస్తుంది. రెండింటి నడుమ కంటికి కనిపించనంత సన్నని నీటి పొర ఉంటుంది. ఆ ముఖాలు అద్దంలా నున్నగా ఉండాలి. నలుసు చేరినా, చేతి జిడ్డు అంటినా నీరు కారుతుంది. పూర్వం ఒకసారి నదీజలాల పంపకం మీద ఆవేశపడి, నాన్న ఆ నున్నని ముఖం మీదే బొటనవేలు ఆనించాడట. ఆ పంపు కారింది. కట్టడి అప్పటిది.

బంద్‌ల వల్ల కాలేజీ మూతపడిన ఒక వేసవి ఉదయం, వారి వెంట నేనూ గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెనుక ఉన్న ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. యంత్రాలను చల్లబరిచే నీటి పంపు, సీలు పాడై ముందురోజే ఆగిపోయింది. పంపు లేనిదే కంప్రెసర్ నడవదు. సాయంత్రానికల్లా తొట్టిలోని ఐసు కరగడం మొదలవుతుంది. మర్నాడు బంద్. నల్గొండ నుంచి వచ్చి స్థిరపడిన ఫ్యాక్టరీ యజమానురాలు ఆ మర్నాటికే ఇద్దరికి మాట ఇచ్చి ఉంది: దిల్‌సుఖ్‌నగర్ దీక్షా శిబిరానికి వచ్చేవారి మజ్జిగకు ఐసు, ఎల్.బి.నగర్‌లో ఒక కోస్తావారి పెళ్ళికి ఐసు. ఇచ్చిన మాట తప్పదన్నదే ఆ పెద్దావిడ పరువు.

“టెంటోళ్ళకు లేదంటే ద్రోహి అంటరు, పెండ్లోళ్ళకు లేదంటే పగబట్టిన అంటరు. నా పరేషాన్ మీకేం ఎరుక!” అంది మమ్మల్ని చూడగానే.

“ఫికర్ జెయ్యకక్కా. మా బావ ఉన్నడు గద. విడిపోకుంట అతికించుడుల వీళ్ళది పెద్ద చెయ్యి,” అన్నాడు మామయ్య.

“సీలు అతికేది కాదు బావా, ఒరుసుకుంటూనే కలిసి పనిచేసేది. అందుకే అంటున్నా, రాష్ట్రం కూడా…”

“ఆగు. పెట్టె తెరుస్తున్న.”

నాన్న వాక్యం అక్కడే నిలిచిపోయింది.

విడిభాగాల బజారైన రాణీగంజ్ నుంచి తెచ్చిన కొత్త సీలును, ముందురోజు పొద్దుపోవడంతో ఆవిడ దగ్గరే ఉంచి వచ్చారు. మూత తీసిన మామయ్య అలాగే నిలబడిపోయాడు. తెల్ల బిళ్ళ నున్నని ముఖం మీద, చుట్టూ వరసగా కుంకుమ బొట్లు!

“కొత్త సామాను గద. దేవుని ముంగట పెట్టి బొట్టు పెట్టిన,” అంది ఆవిడ తృప్తిగా.

మామయ్య భుజం మీది గుడ్డ తీశాడు. ఇద్దరు ఒకేసారి అరిచారు.

“తుడవకు బావా! కుంకుమలో ఇసుక నలుసుంటే గీత పడుద్ది!” అని నాన్న.

“పని షురూ గాకముందే బొట్టు చెరుపుతవా? అపశకునం!” అని ఆవిడ.

ఇంకొకటి తెద్దామని ఫోన్ చేస్తే, రేపటి బంద్‌కు భయపడి రాణీగంజ్ దుకాణం వారు ఈరోజే తాళం వేశామన్నారు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. శకునానికీ, కార్యకారణ సంబంధానికీ మధ్య భేదాన్ని నిర్వచనంతో ప్రారంభించాను. నిర్వచనం పూర్తి కానేలేదు.

“బిడ్డా, కాలేజ్‌ల కప్పులు గెలిచినవంట. గీడ కప్పులు లెవ్వు, ఐసు డబ్బాలే ఉన్నయ్,” అంది ఆవిడ. మామయ్య నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు.

నమ్మని మాటను నమ్మినట్టు నటించి గెలవకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. తెలియనిది అడగడానికి మాత్రం ఏ నియమమూ అడ్డు కాదు. నిజంగానే తెలియక అడిగాను: “పెద్దమ్మా, గుడిలో దేవుడికి నిన్నటి బొట్టు ఉంటుంది కదా. ఇవాళ కొత్తది పెట్టేముందు దాన్ని ఎవరు తుడుస్తారు?”

“ఎవ్వలు తుడువరు. అభిషేకం జేస్తె అదే పోతది,” అని ఆవిడ ఆగింది. బిళ్ళను చూసింది. నన్ను అనుమానంగా చూసింది. “గడుసుదానివే! మరి దీనికి ఏంతోని జేస్తరు?”

“స్పిరిట్‌తో అమ్మగారూ,” అన్నాడు నాన్న. “పొయ్యాలంతే, రుద్దకూడదు. మీ చేత్తోనే పొయ్యండి.”

నాన్న బిళ్ళను అంచులతో పట్టుకుని పళ్ళెం మీద వంచాడు. ఆవిడ కొంగు బిగించి, ఏదో జపిస్తూ, సన్నని ధారగా పోసింది. కుంకుమ దానంతటదే జారి పళ్ళెంలో ఎర్రగా చేరింది.

“హారతి మాత్రం వద్దక్కా, అంటుకుంటది!” అన్నాడు మామయ్య.

నాన్న బిళ్ళను వెలుగుకు పట్టి చూశాడు. ఒక్క గీత లేదు. మామయ్య ఇరుసును శుభ్రం చేసి, గరుకేమైనా తగులుతుందేమోనని వేలితో తడిమాడు. తెల్ల బిళ్ళ వెనుక రబ్బరుకు సబ్బునీరు రాసి, ముఖం మీద శుభ్రమైన అట్టముక్క పెట్టి, నాన్న దాన్ని సమంగా నొక్కి గూటిలో కూర్చోబెట్టాడు. నల్ల బిళ్ళను స్ప్రింగుతో సహా ఇరుసు మీదుగా జార్చారు. బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, ఇరుసును చేత్తో తిప్పి చూశారు, ఎక్కడా పట్టేయలేదు. పంపు నిండా నీరు పోసి గాలి వదిలేదాకా స్విచ్ జోలికి పోలేదు. తడి లేకుండా తిరిగితే బిళ్ళలు మాడిపోతాయి.

స్విచ్ ఆవిడే వేసింది. పంపు మూలిగి వేగం అందుకుంది. ఇరుసు దగ్గర ఒక చుక్క రాలింది. మరొకటి. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“కొత్త బిళ్ళలు కదా, సర్దుకుంటాయి,” అన్నాడు నాన్న, అటునుంచి చూపు తిప్పకుండానే.

ఇంకో చుక్క అంచున వేలాడింది. పడలేదు. కాసేపటికి ఆ చోటు ఆరిపోయింది. కంప్రెసర్ మోత మొదలైంది. ఆవిడ లోపలికి పోయి కుంకుమ భరిణెతో వచ్చేసరికి ముగ్గురం అడ్డం నిలబడ్డాం.

“ఇనుముకు పెట్టక్కా, పైన ఇనుముకు!” అన్నాడు మామయ్య.

పంపు ఇనుప ఒంటికి పెద్ద బొట్టు పెట్టి, అదే వేలితో మాకూ పెట్టింది. శకునాల మీద నాకు నమ్మకమేమీ కలగలేదు. అయినా నుదురు వంచాను.

“టెంటుకూ పోతది, పెండ్లికీ పోతది,” అంది ఆవిడ.

“ముందుగాల ఎవ్వలకు?” అన్నాడు మామయ్య.

“ఏది దగ్గరుంటె గదే.”

దగ్గరున్నది దిల్‌సుఖ్‌నగర్ శిబిరమే. మామయ్య మీసం దువ్వుకుని, ఖాళీ సీలు పెట్టెకు టప్పున మూత పెట్టాడు. ఆ చప్పుడు కోసమే కాచుకున్నట్టు నాన్న అందుకున్నాడు: “…రాష్ట్రం కూడా అంతే బావా. ఒరుసుకున్నంత మాత్రాన విడిపోవాలా?”

“నడుమ నీళ్ళుండాలె గద బావా. మా నీళ్ళు మాకిడువుండ్రి, గప్పుడు ఒరుసుకుందాం!”

నాన్న జవాబు అందుకునేలోగా నేనొక ప్రశ్న అడగబోయాను.

“నువ్వాగు,” అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.