హుస్సేన్‌బీకి వన్స్ మోర్

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వచ్చినా హుస్సేన్‌బీ కనుబొమలు దిద్దుకునే వస్తుంది. డెబ్బై దాటిన, తెనాలి నాటకాల మనిషి. "మీలా నవ్వించి, మీలా పద్యం పాడేవాళ్లు ఇంకెవరున్నారండీ?" అని ఎవరైనా అంటే ఎడమ భుజం మీదుగా వెనక్కి చూస్తుంది. అక్కడెవరూ ఉండరు. అదీ ఆమె హాస్యమేననుకుని జనం నవ్వుతారు. పత్రికలో ఆమెకు అంత పేరు తెచ్చిన రేపల్లె నాటకం నిజానికి ఆడింది ఆమె కాదు, అక్క ఖాసింబీ. ఆ రోజు చెల్లెలికి ఒళ్లు కాలిపోయే జ్వరం. పోస్టర్లు అప్పటికే అంటించేశారు. ఇద్దరిదీ ఒకే పోలిక గనక అక్క చెల్లెలి వేషం చీరే కట్టి, ఆ రంగే పూసుకుని స్టేజీ ఎక్కింది. మరుసటి ఏడే పోయింది. పేరు మాత్రం చెల్లెలి దగ్గర ఉండిపోయింది.

మొన్న బాపట్లలో సన్మానం. శాలువా కప్పి, సభ కార్యదర్శి రేపల్లె నాటకం మీద పత్రికలో వచ్చిన ఆ పాత సమీక్ష చదివాడు: "ఈమె ఒక కనుబొమ ఎగరేస్తే హాలు పొట్ట పట్టుకుని నవ్వింది. పద్యం ఎత్తుకుంటే అదే హాలు కిక్కురుమనలేదు." చప్పట్లు మోగాయి. హుస్సేన్‌బీ వెనక్కి చూసి, మైకు రెండు చేతులా పట్టుకుంది.

"అది ఆడింది నేను కాదండి. మా అక్కండి. నలభై ఏళ్లుగా నా వెనకాలే నిలబడి ఉందండి."

కనుబొమ ఒకటి దానంతటదే పైకి లేచింది. హాలంతా పగలబడి నవ్వింది. "వన్స్ మోర్!" అని కేకలు. జనం అలా అడిగితే కాదనకూడదు. అది స్టేజీ మర్యాద. ఆమె గొంతు సవరించుకుని, అదే మాట మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.