ఎత్తని చెయ్యి

జిల్లా ఎంపిక పోటీలకు నన్ను స్ట్రోక్ జడ్జిగా, అంటే ఈత పద్ధతిలో తప్పులు పట్టే మనిషిగా వేసిన సంగతి మొదట చెప్పినవారు యాదగిరి. మా ఈతకొలనులో నీళ్లు శుద్ధి చేసే మోటర్ల గది ఆయన చూసేవారు. నా రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, వేసవి సెలవులు మొదలైన వారం అది. ఆడవాళ్ల బ్యాచ్ ముగించి నేను బయటికి వస్తుంటే, "ఆపా, ఆఫీసుకు కాయితం వచ్చింది. ఈసారి నువ్వే జడ్జివట. ఇగ నీ పోరీలందరు ఫస్టే" అని నవ్వారు. నేనూ నవ్వాను.

నేను బడికి పోయినదాన్ని కాను. మా అబ్బా చంద్లాపూర్‌లో దర్జీ. కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకొని ఉర్దూ, తెలుగు, లెక్కలు ఆయనే నేర్పారు. ఈత కూడా ఆయన చలవే. ఒక రైతు బావిలో నడుముకు బెండు కట్టి దింపారు. తర్వాత ప్రైవేటుగా పదో తరగతి రాశాను. సిద్దిపేటలో ఆడవాళ్ల సమయానికి లైఫ్‌గార్డుగా చేరి, ఆరు వారాల శిక్షణ పూర్తిచేసి కోచ్‌నయ్యాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ నీళ్లే నాకు అన్నం పెట్టాయి. అందుకు అల్లాకు రోజూ షుక్రియా చెప్పుకుంటాను.

బటర్‌ఫ్లై ఈతలో చూసేవారి కళ్లన్నీ చేతుల మీదే ఉంటాయి. నేర్పేవారికి కష్టం మాత్రం కాళ్లతో. రెండు కాళ్లూ ఒకేసారి కొట్టాలి. ఆ కదలిక ఛాతీ దగ్గర మొదలై, నడుము మీదుగా పాదాల దాకా అలలాగా పోవాలి. దీన్నే డాల్ఫిన్ కిక్ అంటారు. ఒక కాలు తర్వాత ఒక కాలు పడితే తప్పు. ఆ ఈతగాడి పేరు ఫలితాల్లోంచి తీసేస్తారు. అలవాటు కావడానికి మొదట్లో చీలమండలు రెండూ మెత్తని గుడ్డతో కలిపి కట్టి, పక్కనే ఉండి ఈదిస్తాం. వారం, పది రోజుల్లో విప్పేయాలని శిక్షణలో గట్టిగా చెప్పారు. కట్టు ఉన్నంతకాలం పని చేసేది గుడ్డే, నడుము కాదు.

అప్పుడు నా దగ్గర నిఖిత అనే పదమూడేళ్ల అమ్మాయి ఉండేది. తల్లి చీరల దుకాణంలో పని చేసేది. చాలా చురుకైన పిల్ల. కాళ్లు కట్టి ఈదిస్తే గడియారం చూసుకొని మురిసిపోయేదాన్ని. విప్పితే వేగం తగ్గేది, నాకు మనసొప్పేది కాదు. పాత చున్నీ చింపి చేసిన ఆ కట్టును మూడు నెలలు ఉంచాను. యాదగిరి ఒకసారి గట్టు మీద నిలబడి, "ఆపా, ఆ పిల్లకు ఇంకెన్ని దినాలు కడ్తవు? ఇప్పితే ఎట్ల కొడ్తదో సూస్తున్నవా?" అన్నారు. "నువ్వు నీ మోటర్లు సూస్కో, కాళ్ల సంగతి నేను సూస్త" అన్నాను. పోటీలకు వారం ముందు విప్పాను. బలం ఉన్నంతసేపు కాళ్లు కలిసే పడేవి. అలసిపోతే విడిపోయేవి. ఆ రోజుకు సర్దుకుంటుందిలే అనుకున్నాను.

స్ట్రోక్ జడ్జి కొలను అంచు వెంబడి ఈతగాళ్లతో పాటు నడవాలి. తప్పు కనబడితే వెంటనే ఒక చెయ్యి పైకెత్తాలి. తర్వాత చీటీ రాసి రెఫరీకి ఇవ్వాలి. చెయ్యి లేవకపోతే తప్పు జరగనట్టే. సొంత శిష్యులు ఈదుతుంటే తప్పుకోవడం మర్యాద. మనుషులు తక్కువని నన్ను ఉండమన్నారు, నేను సరే అన్నాను.

పద్నాలుగేళ్లలోపు బాలికల యాభై మీటర్ల బటర్‌ఫ్లై. పోయి గోడ తాకి తిరిగి రావాలి. మొదటి ఇద్దరే రాష్ట్ర పోటీలకు పోతారు. నిఖిత పక్క వరుసలో నంగునూరు నుంచి వచ్చిన లావణ్య ఉంది. వాళ్ల పొలం బావిలో నేర్చుకున్న పిల్ల. చేతులు మొరటుగా పడేవి, కాళ్లు మాత్రం ఒక్కటిగా కదిలేవి. గోడ తాకి తిరిగాక నిఖిత కాళ్లు విడిపోయాయి. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. నాకు రెండు గజాల దూరంలో, తేటనీళ్లలో. నా చెయ్యి లేవలేదు. లేపితే ఆ పిల్ల తప్పుతో పాటు నా తప్పూ బయటపడుతుందని ఆ క్షణంలోనే నాకు తెలుసు. నిఖిత రెండో స్థానం, లావణ్య మూడో స్థానం.

ఫలితం చెప్పాక అభ్యంతరానికి అరగంట గడువుంటుంది. ఆ అరగంటలోనే లావణ్య తడి జుట్టుతో నా దగ్గరికి వచ్చింది.

"మేడం, తిరిగినంక నీళ్లల్ల ఆమె నా ముందల్నే ఉంది. కాళ్లు ఒకటెన్క ఒకటి కొట్టినట్టు కనవడ్డది. మీరు సూసిన్రా?"

"సూసిన బిడ్డా. సరిగ్గనే పడ్డయి" అన్నాను.

ఆ పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. వాళ్ల నాయిన దూరం నుంచే నాకు దండం పెట్టారు. సాక్ష్యం దాచకూడదని చిన్నప్పుడు మా అబ్బా నేర్పిన చదువులోనే ఉంది. నేను దాచడమే కాదు, అడిగిన పసిపిల్లకు అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం నమాజులో పెదవులు కదిలాయి గానీ, ఏం చదివానో నాకే తెలియదు.

రాష్ట్ర పోటీల్లో జడ్జి మొదటి ఇరవై ఐదు మీటర్లు ముగియకముందే చెయ్యెత్తారు. నిఖిత ఏడుస్తూ, "జిల్లాల గూడ గిట్లనే కొట్టిన్నా మేడం?" అని అడిగింది. కొట్టావని, తప్పు నేర్పింది నేనేనని చెప్పాను. నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చింది. ఆమెకు గోడ పట్టుకొని ఛాతీ నుంచి కదలడం మొదటి నుంచి నేర్పాను.

జడ్జి పని మళ్లీ చేయనని రాసిచ్చి నంగునూరు పోయాను. లావణ్య వాకిట్లో పల్లికాయ తెంపుతోంది. అప్పటికి ఆమె పద్నాలుగేళ్లు నిండి పై వయసు విభాగంలోకి మారింది, ఈత మానేసింది. వాళ్ల నాయిన కుర్చీ వేసి, చాయ్ తెప్పించారు. జరిగిందంతా చెప్పాను. ఆయన గ్లాసు నా వైపు జరిపారు. "అయిపోయిందానికి ఏం జేస్తం ఆపా, చాయ్ సల్లారుతది తాగు" అన్నారు. లావణ్య మాత్రం చేతిలో పని ఆపకుండా, "మీరు సరిగ్గనే పడ్డయి అన్నంక నా కండ్లే తప్పనుకున్న మేడం. నీళ్లల్ల ఏమైతున్నదో నాకు సక్కగ కనవడదేమో అని, ఇగ నీళ్లల్లకు దిగబుద్ధి కాలె" అంది. మళ్లీ రమ్మని అడిగాను. రాలేదు.

కోచ్ తన శిష్యులకు తీర్పు చెప్పకూడదన్న నియమం మర్యాద కోసం పెట్టింది కాదని నాకు అప్పుడు అర్థమైంది. నేర్పినవారికి ఆ కాళ్లలో తమ పనే కనబడుతుంది. తప్పు నేర్పినవారికి దాన్ని కప్పుకోవాలనిపిస్తుంది. వేగం కోసం కట్టు ఉంచే కోచ్‌లు ఇప్పటికీ ఉన్నారు. పది రోజులకు విప్పండి. జడ్జి కుర్చీ ఇస్తామంటే, మీ పిల్లలు ఈదే రోజున వద్దనండి.

రికార్డు పుస్తకంలో లావణ్యది మూడో స్థానమని ఉంటుంది. అభ్యంతరం గడువు దాటిన ఫలితం అది, నేను దాన్ని మార్చలేకపోయాను. ఇది చదివినవారు ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి. నంగునూరు లావణ్య, రెండో స్థానం. ఆమె కళ్లు చూసింది నిజమే.