మైకు ఆపిన క్రిస్మస్

ఒక దేశానికి మంచును, ఇంకో దేశానికి ఎండను పంచి, రెంటికీ ఒకే రక్షకుణ్ణి ఇచ్చిన దేవునికి స్తోత్రం. ఏ పని మొదలుపెట్టినా ముందు ఆయన్ను స్తుతించాలని మా నాయనమ్మ నేర్పింది. పొయ్యి వెలిగించేటప్పుడు కూడా ఆమె పెదవులు కదిలేవి. ఈ నాలుగు మాటలూ ఆయన మహిమకే.

మాదాపూర్‌లో మా ఆఫీసు కింది అంతస్తులో ఈ డిసెంబరులోనూ ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు నిలబెట్టారు. దాని వెనక దాచిన చిన్న యంత్రం ఉండి ఉండి ఒక వాసన చిమ్ముతుంది. చలిదేశపు అడవి వాసనట. అందరూ అక్కడ ఆగి ఫొటోలు దిగుతారు. నేను మాత్రం లిఫ్టు వచ్చేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాను. ఆ వాసన తగిలితే చాలు, చలిదేశం నుంచి వచ్చి మా రేకుల చర్చిలో చెమటతో తడిసిపోయిన ఒక మనిషి గుర్తొస్తాడు.

మా నాన్న కొత్తగూడలో పాస్టరు. చర్చి వెనకే మా ఇల్లు, ఇంటి వెనక ఏనుగుల్లాంటి బండరాళ్ళు. డిసెంబరు మొదలైతే మాకు కాలు నిలిచేది కాదు. గోడలకు నీలిమందు కలిపిన సున్నం వేయడం, మైదా ఉడికించిన జిగురుతో రంగు కాగితాలను పురికొసకు అంటించడం, ఇటుకలు నింపిన బకెట్టులో సరుగుడు కొమ్మను నిలబెట్టి దూది అద్దడం, మధ్యలో వంటింట్లోకి పరుగెత్తి నాయనమ్మ నూనెలో వేస్తున్న గులాబీ పువ్వుల పిండివంటలో అచ్చును వదలక విరిగిపోయిన వాటిని నోట్లో వేసుకోవడం, ఇవన్నీ ఒకే గంటలో జరిగేవి. కొత్త భవనాల పునాదుల కోసం ఆ రాళ్ళను పేల్చే రోజులవి. ఎర్రగుడ్డ పట్టుకున్న మనిషి విజిల్ ఊది "దూరం జరగుండ్రి" అని కేకేయగానే నాయనమ్మ నూనె మూకుడు మీద పళ్ళెం బోర్లించేది. ఢామ్మని మోత, రేకుల గలగల, పళ్ళెం మీద రాలిన కొత్త సున్నం. ఆమె పళ్ళెం తీసి మళ్ళీ అచ్చు ముంచేది. ఊరే నిలకడ లేకుండా ఉండేది.

ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు. క్రిస్మస్ తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే ఆరాధన మొదలైంది. మగవాళ్ళంతా మంకీ టోపీలతో, ఆడవాళ్ళు కొత్త చీరల మీద పాత స్వెటర్లతో వణుకుతూ కూర్చున్నారు. వెనక పెద్ద గిన్నెల్లో, ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందుకు మసాలా వేగుతోంది. మా చర్చి కార్యదర్శి ప్రసాద్ గారిది గుంటూరు, హైటెక్ సిటీలో ఉద్యోగం. మైకంటే ఆయనకు ప్రాణం. వేప చెట్టుకు రెండు హారన్లు కట్టించి, లింగంపల్లి దాకా వినిపించాలని పట్టుబట్టారు.

రెండో పాట మధ్యలో ఎదుటి మేడలో అద్దెకుంటున్న తెల్లాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. పేరు యోహాన్, స్వీడన్ నుంచి వచ్చిన ఇంజనీరు. పొట్టిచేతుల చొక్కా, చేతిలో సెల్‌ఫోను. ఏదో చెప్పబోయాడు గాని పాటలో వినపడలేదు. విదేశీయుడు చర్చిలో అడుగుపెడితే దైవజనుడే అయి ఉంటాడని మావాళ్ళ నమ్మకం. ప్రసాద్ గారు పరుగున వెళ్ళి చేయి పట్టుకుని తెచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు, బంతిపూల దండ వేశారు, ఉన్ని శాలువా కప్పారు. అందరం వణుకుతుంటే ఆయన నుదుటి నుంచి చెమట కారుతోంది. ఆయన క్షణానికోసారి ఫోను చూసుకుంటూ లేవబోవడం, ప్రసాద్ గారు భుజం నొక్కి కూర్చోబెట్టడం. చివరికి "ఇప్పుడు మన అతిథి క్రిస్మస్ సందేశం ఇస్తారండి, నేను తర్జుమా చేస్తాను" అని మైకు ఆయన చేతిలో పెట్టారు.

ఆయన ఇంగ్లీషులో ఒక్క మాట అన్నాడు. ప్రసాద్ గారు తర్జుమా చేయకుండా నాన్న వైపు తిరిగారు.

"ఏమంటున్నడు ప్రసాదూ?" అన్నాడు నాన్న.

"మైకు తగ్గించమని అడగడానికి వచ్చాడటండి."

పిల్లలం పకపకా నవ్వాం. ఆయన మళ్ళీ మాట్లాడాడు, ఈసారి ఆగి ఆగి. ప్రసాద్ గారి గొంతు తగ్గిపోయింది. "స్వీడన్‌లో ఉన్న వాళ్ళావిడకు నెలలు నిండకుండానే పాప పుట్టిందటండి. బతుకుతుందో లేదో ఇవాళ తెలుస్తుందట. ఆసుపత్రి నుంచి ఫోనొస్తుంది, ఈ చప్పుడులో వినపడదేమో అని..."

నాన్న లేచాడు. "మైకు బంద్ జెయ్."

"క్రిస్మస్ పూట మైకు ఆపేస్తే జనం ఏమనుకుంటారండి అయ్యగారూ?"

"ఏమన్న అనుకోనీ. బిడ్డ పుట్టిందనే గదా మనం గూడ గూడినం. ఎవ్వరు మాట్లాడొద్దు. ఆయనకు కబురు రావాలె."

మా చర్చిలో ప్రార్థన అంటే అందరూ ఒక్కసారిగా గొంతెత్తడమే. అలాంటి చర్చి ఊపిరి బిగబట్టి కూర్చుంది. వెనక గరిటెల చప్పుడు ఆగింది. దగ్గొచ్చిన పిల్లవాణ్ణి తల్లి కొంగులోకి లాక్కుంది. నాకైతే కాళ్ళలో చీమలు పాకుతున్నట్టుంది, లేచి పరుగెత్తాలని ఉంది, కదిలితే ఆ పాపకేమవుతుందోనని భయం. నాయనమ్మ మెల్లగా వేదిక ఎక్కి "పిల్లగాడు తడిసిముద్దయిండు, గీ శాలువ ఎందుకు గప్పిండ్రు" అని గొణిగి, ఆయన భుజాల మీది శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుని పక్కనే కింద కూర్చుంది.

రేకుల సందుల్లో వెలుతురు వచ్చాక ఫోను మోగింది. ఆయన తన భాషలో మాట్లాడుతుంటే మేమంతా ఆయన ముఖాన్నే చూస్తున్నాం. అందులో ఏమీ తెలియలేదు. ఫోను పెట్టేశాక ప్రసాద్ గారు చెప్పారు: "పాప ఇంకా ఉందటండి. ఊపిరి మాత్రం మిషను మీదేనట. కొన్నాళ్ళు ఏమీ చెప్పలేమన్నారట."

"పేరేంది పొల్లది?" అంది నాయనమ్మ.

"ఇంకా పెట్టలేదటండి."

"పేరు లేకుంటె దేవునికి ఎట్ల జెప్పాలె? నిరీక్షణమ్మ అందాం."

నిరీక్షణ అంటే ఆశ అని ప్రసాద్ గారు చెప్పగానే ఆయన ఆ పేరు పలకబోయి సగంలోనే ఏడ్చేశాడు. అప్పుడు అందరం ప్రార్థన చేశాం. మైకు లేదు. గొంతులు కూడా పైకి రాలేదు.

ఆ సాయంత్రమే ఆయనకు విమానంలో చోటు దొరికింది. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. కొత్త ఏడాదిలో ఆఫీసు వాళ్ళెవరో వచ్చి సామాను తీసుకుపోయారు. కబురు లేదు. ప్రసాద్ గారు ఆయన ఆఫీసులో అడిగి చూశారు, ఎవరూ చెప్పలేకపోయారు. నాయనమ్మ కన్నుమూసేదాకా రోజూ తెల్లవారుజామున ఆ పేరు ఎత్తేది. ఆమె పోయాక ఆ పని నాకు వచ్చింది.

ఇప్పుడు కొత్తగూడలో ఆ రాళ్ళు లేవు, వేప చెట్టు లేదు, మా రేకుల చర్చి ఉన్న చోట అద్దాల భవనం ఉంది. మా సంఘం ప్రగతి నగర్‌లో ఒక హాలు కిరాయికి తీసుకుంది. చప్పుడు బయటికి పోకుండా గోడలకు మెత్తలు బిగించారు. బయటివాళ్ళ ఫోను వినపడకుండా చేసేంత పాట మాది కాదిప్పుడు. తగ్గించమని అడగడానికి ఎవరూ మా గుమ్మం ఎక్కరు. లోపల మేము ఎంత పాడినా నాకు మనసు నిలవదు. బతికి ఉంటే నిరీక్షణమ్మకు ఇరవై దాటి ఉంటాయి. ఉందా?

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి అడగండి: తండ్రీ, నిరీక్షణమ్మ ఎక్కడ ఉందో నీకు తెలుసు. భూమి మీద ఉంటే కాపాడు. నీ దగ్గర ఉంటే, ఒక తెల్లవారుజామున కొత్తగూడలో ఒక చర్చి మొత్తం ఆమె కోసం నోరు మూసుకుని కూర్చుందని ఆమెకు చెప్పు. ఆమేన్.