తొమ్మిది రేకుల లేసు

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న, రాజమండ్రిలో నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే నరసాపురం నుంచి ఫోను వచ్చింది. పిన్నిగారు పోయారని వాళ్ళ కోడలు చెప్పింది. ముందురోజు సాయంత్రం వరండాలో కూర్చుని లేసు అల్లుతూ గుండెల్లో నొప్పి అన్నారట. భీమవరం తీసుకెళ్ళేలోపే అయిపోయిందట. ఏడుపు కంటే ముందు నాకు ఆవిడ ఫోనులో చివరిసారి అడిగిన మాట గుర్తొచ్చింది, దానికి నేను చెప్పిన జవాబు గుర్తొచ్చింది. ఆ జవాబు అబద్ధం. నెల తిరిగినా అది నన్ను వదలడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు. మా వీధి చివరింట్లో ఉండేవారు. మా అమ్మని అక్కయ్యగారూ అని పిలిచేవారు గనుక నాకు పిన్నిగారయ్యారు. మా వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు వంట ముగించి, అరుగు మీద చేరి, కబుర్లు చెప్పుకుంటూ చేతి వంక చూడకుండానే లేసు అల్లేస్తారు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లింది పట్టుకెళ్తాడు. అది ఏ దేశం వెళ్తుందో, ఎవరి బల్ల మీద పరుస్తారో వీళ్ళకి తెలియదు. పిన్నిగారికి మాత్రం అది తెలుసుకోవాలని మహా కుతూహలం. ఆవిడ కింద ముప్ఫైమంది దాకా అల్లేవారు. కొందరు సఖినేటిపల్లి నుంచి పంటెక్కి గోదావరి దాటి వచ్చేవారు.

నేను కంప్యూటరు కోర్సు చేసి, ఉద్యోగం దొరక్క ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న రోజుల్లో ఆవిడ నన్ను పిలిపించారు. చైనా నుంచి మిషను లేసు దిగిందని, దాని ధర ముందు మన సరుకు నిలవడం లేదని ఏజెంట్లు దారం ఇవ్వడం తగ్గించేశారట. సగంమంది ఖాళీగా కూర్చున్నారట.

"ఇంటర్నెట్‌లో కొట్టు పెట్టొచ్చటగా కంప్యూటరమ్మా. మధ్యలో ఇంతమంది లేకుండా మనమే అమ్ముకుంటే వీళ్ళకి పనుంటుంది కదా?" అన్నారు.

ఆ రోజు నుంచి నా పేరు కంప్యూటరమ్మే. నరసాపురంలో ఒక నెట్ సెంటరు మూలన కూర్చుని, లైను తెగినప్పుడల్లా తిట్టుకుంటూ నెల రోజుల్లో వెబ్‌సైటు తయారు చేశాను. లేసు బల్లగుడ్డలకి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, నల్ల చీర మీద పరిచి ఫొటోలు తీయించాం. అల్లిన మనిషి పేరు కూడా కింద రాయమని పిన్నిగారు అన్నారు. మన మామ్మల పేర్లు పలకడానికి తెల్లవాళ్ళకి నోరు తిరగదండీ అని నేను నవ్వేశాను. దానికి బదులు నాకు తోచిన గొప్ప మాట ఒకటి ఇంగ్లీషులో రాశాను: మా సరుకు చవక, అన్నీ అచ్చం ఒక్కలాగే ఉంటాయి అని.

ఒక్కలాగే ఉండనిది మొదటిరోజే దొరికింది. సఖినేటిపల్లి మామ్మగారొకావిడ, చూపు మందగించి, ఎనిమిది రేకుల పువ్వుకి తొమ్మిది రేకులు వేసేసింది. అంచు సరిగా పరుచుకోక కొంచెం అలల్లే లేచింది. నేను పక్కన పడేయబోతే పిన్నిగారు లాక్కుని మొదటి పేజీలో దాని ఫొటోయే పెట్టించారు. చిత్రం ఏమిటంటే ఎక్కువమంది అడిగింది అదే. ఆ తర్వాత అందరూ తొమ్మిది రేకులే అల్లారు. మామ్మగారైతే డిజైను తనదేనని పంటులో అందరికీ చెప్పుకునేది.

పిన్నిగారికి ఒక అలవాటుండేది. అల్లిక పూర్తయ్యాక దారం కొసని ఎవరూ కత్తిరించకూడదు, బెత్తెడు వదిలేయాలి. కొనేవాళ్ళు ఖాయమయ్యాక, పార్సిలు కట్టేముందు ఆవిడే గుడ్డ వెనక్కి తిప్పి, కొసని సూదితో అల్లికలోకి దాచి, అప్పుడు కత్తిరించేవారు. ఇల్లు దొరికాకే దీని పని పూర్తయినట్టు అనేవారు.

ఈమెయిలుని ఆవిడ ఎప్పుడూ ఉత్తరం అనే అన్నారు. నేను సెంటరు నుంచి సైకిలు మీద వస్తుంటే గుమ్మంలోనే అడిగేవారు, "ఉత్తరాలేమైనా వచ్చాయా?" అని. మొదటి ఉత్తరం రాసినావిడ ఎక్కడో చలిదేశంలో ఉంటుంది. ఆరు బల్లగుడ్డలు కావాలని రాసి, చివర తన కూతురి పెళ్ళికని ఒక్క ముక్క చేర్చింది. నేను తెలుగులో చెప్తుంటే అరుగు మీదున్న ఆడవాళ్ళందరి చేతులూ ఒక్కసారి ఆగాయి. పెళ్ళికొడుకేం చేస్తాడని ఒకావిడ అడిగింది. ఆ మధ్యాహ్నం అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

లాభం వచ్చిందా అంటే, నిలదొక్కుకునేంత ఎప్పుడూ రాలేదు. సరుకు ధర కంటే దాన్ని పంపే ఖర్చు ఎక్కువయ్యేది. రెండో ఏడు ఒకరోజు సెంటర్లో వెతుకుతుంటే ఇంకెవరిదో వెబ్‌సైటులో మా తొమ్మిది రేకుల పువ్వు కనిపించింది. మిషను లేసు. మా ఒక్కదాని ధరకి అవి అయిదు వస్తాయి. కాగితం మీద అచ్చు తీసి పట్టుకెళ్ళాను. పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని రేకులు లెక్కపెట్టి మొదట పకపకా నవ్వారు.

"మామ్మ తప్పుని కూడా వదల్లేదే. అది తప్పని వాళ్ళకి తెలీదు పాపం" అన్నారు.

తర్వాత ఆ కాగితాన్ని మా పువ్వు పక్కన పెట్టి చూశారు. వాళ్ళ పువ్వు అంచు ఎక్కడా అల లేకుండా, బల్లకి అంటుకుపోయినట్టు చదునుగా ఉంది. అచ్చం ఒక్కలాగే ఉండటం మిషను చేసే పని. మా మొదటి పేజీలో నేను గొప్పగా రాసుకున్నది ఆ మిషను గొప్ప అని అప్పటికీ నాకు వెలగలేదు.

కొన్నాళ్ళకి మూడువందల బల్లగుడ్డలకి ఒక ఉత్తరం వచ్చింది. అన్నీ ఒకే కొలతలో ఉండాలి, ధర మిషను లేసుతో సమానంగా ఉండాలి, గడువు నెల. మద్రాసులో మిషను లేసు దొరుకుతుంది, సగం అది కలిపేద్దాం, ఈ ఒక్కటీ గట్టెక్కితే కొట్టు నిలబడుతుంది అన్నాను. ఆవిడ వద్దన్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవరు తిప్పి చూస్తారండీ పిన్నిగారూ?" అన్నాను.

"నేను చూస్తానుగా."

మర్నాడు కుదరదని ఆవిడ చెప్పింది చెప్పినట్టు టైపు చేసి పంపాను. అలిగాననే చెప్పాలి. రెండు నెలల్లో రాజమండ్రిలో ఉద్యోగం చూసుకుని వచ్చేశాను. ఆవిడ బస్టాండు దాకా వచ్చి సంచిలో జంతికలు పెట్టి, ఉత్తరాలు మాత్రం చూస్తూ ఉండమ్మా అని అడిగారు. పాస్‌వర్డు నా ఒక్కదానికే తెలుసు. సరేనన్నాను.

మొదట్లో వారం వారం చూశాను. తర్వాత నెలకోసారి. తర్వాత పెళ్ళి, పిల్లాడు, ఆఫీసు. పిన్నిగారు మాత్రం రెండు మూడు నెలలకోసారి ఫోను చేసి, అందరి క్షేమం అడిగి, చివర్లో కొంచెం మొహమాటంగా ఉత్తరాలేమైనా వచ్చాయా అని అడిగేవారు. ఏమీ రాలేదండీ అనేదాన్ని. చూడకుండానే అనేదాన్ని. చివరిసారి, పోయిన వేసవిలో కూడా, పక్క టేబులు మీద కంప్యూటరు తెరిచే ఉండగా, అలాగే అన్నాను. పోన్లేమ్మా, వస్తే చెప్పు అన్నారు.

కబురు విన్నరోజు నరసాపురం వెళ్ళే ముందు ఆఫీసులో ఆ మెయిలు తెరిచాను. పాస్‌వర్డు వేళ్ళకి ఇంకా గుర్తుంది. చాలాకాలం ఎవరూ తెరవనందువల్ల అందులో ఉన్నవన్నీ తీసేశామని తెర మీద రెండు వాక్యాలు వచ్చాయి. ఎవరైనా రాశారో లేదో, రాసి ఎదురు చూశారో లేదో, ఇక ఎప్పటికీ తెలియదు. చవకదాంతో పోటీపడి ఆ కొట్టు ఎలాగూ బతికేది కాదని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ తొమ్మిదో రేకుని ఇష్టపడ్డవాళ్ళు నలుగురైనా మళ్ళీ రాసి ఉంటే బతికేదేమో అంటూ మనసు ఆ మాటకి ఒప్పుకోవడం లేదు.

పెద్దకర్మ అయ్యాక కోడలు నన్ను లోపలికి పిలిచి పాత ట్రంకు పెట్టె తెరిచింది. పెట్టె నిండా బల్లగుడ్డలే. ఏజెంట్లు రావడం మానేసినా, చేతనైన ఒకరిద్దరితో కలిసి ఆవిడ అల్లుతూనే ఉన్నారట.

"కంప్యూటరమ్మ చూస్తోంది, ఉత్తరం వస్తే అప్పటికప్పుడు సరుకెక్కడ తెస్తాం అనేవారండి అత్తయ్యగారు" అంది.

ఒక్కొక్కటే బయటికి తీశాను. అన్నీ తొమ్మిది రేకులవే. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత నలగకుండా కాగితాల మధ్య పెట్టారు. వెనక్కి తిప్పి చూశాను. ప్రతిదానికీ బెత్తెడు దారం, కత్తిరించకుండా వేలాడుతూ ఉంది.